ఊపిరికి వెయ్యని తీగ

“ముందు ఆ ప్లయ్యరు కింద పెట్టండి.”

“సెయ్యి తియ్యి సూసన్నా.”

“తియ్యను. కోస్తే నా ఏళ్ళు కోసి, ఆ తరవాత తీగలు కొయ్యండి.”

భోజనాల బల్ల మీద మా అకార్డియన్ వెల్లకిలా పడి ఉంది. ముందువైపు జాలీ విప్పేసి ఉంది. వేళ్ళతో నొక్కే మెట్ల కిందనుంచి ఎర్రతీగలూ పచ్చతీగలూ జడలా అల్లుకుని పక్కకు వచ్చి, ఒక నల్లకేబులుగా మారి బల్ల అంచున వేలాడుతున్నాయి. వాటి మీద నా రెండు అరచేతులూ పరచి నిలబడ్డాను. ఎదురుగా నా మొగుడు కృపారావు. రైల్వే వర్క్‌షాపులో ఎలక్ట్రికల్ ఫిట్టరు. సైరన్ కూసీ కూయకముందే సైకిలెక్కి వచ్చేశాడు, ఖాకీ బట్టలైనా మార్చలేదు.

వంటింట్లోంచి పప్పు మాడుతున్న వాసన వస్తోంది. మాడి చావనీ అనుకున్నాను.

“జ్ఞానరత్నం గారు వొచ్చే ఏళకి ఈ దెయ్యపు తీగలు ఇంట్లో కనపడకూడదు,” అన్నాడు.

“దెయ్యమా! మొన్న ఈ తీగల్లోంచి ఫ్లూటు ఇనిపిత్తే కళ్ళు తుడుసుకున్నది ఎవరండీ? పక్కింటోళ్ళని పిలిసి మరీ ఇనిపించినది ఎవరు?”

“అది ఇంట్లో. గుడిలో పరువు తీసింది.”

“ఎవరి పరువు?”

ప్లయ్యరు చేతిలో ఒకసారి తిప్పాడు.  

పక్కింటి బెంగాలీ బౌదీ కిటికీలోంచి తొంగిచూసి “కీ హోలో దీదీ?” అని, ఏమైందని అడిగింది. “కిఛు నా బౌదీ, డాల్ పురే గేఛే,” అన్నాను. పప్పు మాడిందమ్మా, ఇంకేం లేదు. ట్రాఫిక్ కాలనీలో గోడలు పల్చన. మా ఇంట్లో ఎవరు తుమ్మినా అటువైపు వాళ్ళకి తెలుస్తుంది. ఆదివారం సంగతి ఆవిడకి తెలియదనుకునేంత అమాయకురాలిని కాను. అయినా కిటికీ రెక్క మూసేశాను.

ఆదివారం! నేను మరిచిపోదామన్నా మరవనిచ్చేవాళ్ళేరీ? గోల్ బజారులో కూరలు కొంటుంటే వెనకనుంచి ఎవరో నోటితో బూర ఊదారు. తిరిగి చూస్తే అందరూ వంకాయలు ఏరుకుంటున్నారు.

జరిగింది ఇదీ. మా తెలుగు సంఘం పాస్టరు అయ్యగారి తల్లి జ్ఞాపకార్థ కూటం. అందరూ తలలు వంచుకుని ఉన్నారు. అయ్యగారు గొంతు పూడిపోతుండగా తల్లిని తలుచుకుని ప్రార్థన చేస్తున్నారు. ఉన్నట్టుండి మైకుల్లోంచి ట్రంపెట్లు మోగాయి. మామూలుగానా! దసరా ఊరేగింపు బ్యాండులా, గుడి పైకప్పు లేచిపోయేటట్టు. పిల్లలు పకపక నవ్వారు. వెనకవరసలో ఒక ముసలమ్మ ప్రభువు రెండో రాకడ వచ్చేసిందని మోకాళ్ళ మీద పడి చేతులెత్తేసింది. నేను ఒడిలో అకార్డియన్‌తో, గాలితిత్తి మూసి పట్టుకుని, రాయిలా కూర్చున్నాను. నేను వాయించలేదు. తిత్తి వెంట్రుకవాసి లాగలేదు. బైబిలు మీద చెయ్యి వేసి చెబుతాను.

మరి ఎలా మోగింది?

ముందుగదిలో మంచం మీద మా మావయ్య సత్యవేదం గారు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. రిటైరైన రైలు గార్డు. ఈ అకార్డియన్ ఆయనదే. దేశం విడిచిపోతూ ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు ఆయన ఒళ్ళో పెట్టి వెళ్ళాడట. అప్పటినుంచి గుడిలో బలిపీఠం ఎడమపక్క కుర్చీ ఆయనది. పక్షవాతం వచ్చి ఎడమచెయ్యి పడిపోయాక, తిత్తి లాగే చెయ్యే లేకపోయాక, ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. నేర్పింది ఆయనే. ఆదివారం గుడినుంచి వచ్చిన దగ్గర్నుంచి ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. నాకు మొగుడి అరుపుకన్నా ఆ మౌనమే ఎక్కువ మంటగా ఉంది.

వీధి గేటు కిర్రుమంది. కృపారావు ప్లయ్యరు జేబులో దాచుకున్నాడు.

* * *

జ్ఞానరత్నం గారు మా సంఘం సెక్రటరీ. గొడుగు గుమ్మం పక్కన నిలబెట్టి, బైబిలు ఒళ్ళో పెట్టుకుని, టీ వద్దంటూనే రెండు కప్పులు తాగే మనిషి.

“సిస్టర్, నేను ప్రేమతోనే వచ్చినాను,” అన్నాడు.

ప్రేమతో వచ్చినవాడు ఆ సంగతి ముందుగా చెప్పుకోడు. నేను కుర్చీ కూడా లాక్కోకుండా నిలబడే ఉన్నాను.

“కమిటీ కూడింది. ప్రభువు రాకడనాడు మోగే కడబూర అంటే మనకి నవ్వులాట కాదు. పరిశుద్ధమైన ప్రార్థన మజ్జిలో బూర ఊది సంఘాన్ని ఎగతాళి చేసినావని సాక్ష్యం ఉంది.”

“నాను ఊదనేదు.”

“నీ ఒళ్ళో ఉన్న పెట్టే కదమ్మా మోగింది?”

“మోగింది. నాను మోగించనేదు.”

“ఠీక్ హై. మరి ఎవరు మోగించినట్టు?” అని నవ్వి, బైబిలు మీద వేళ్ళతో తాళం వేశాడు. “వచ్చే ఆదివారం సంఘం ముందు లేచి నిలబడు. తప్పు ఒప్పుకో. ఆ తీగల పెట్టె మళ్ళా గుడి గడప తొక్కకూడదు. పాటలకి వేరే ఏర్పాటు చూసుకుంటాం. ఇవి జరిగేదాకా నీకు ప్రభువు బల్ల లేదు.”

 ప్రభువు బల్ల నుంచి నిలిపివెయ్యడమంటే మాలో మామూలు మాట కాదు. రొట్టె, ద్రాక్షారసం వరసలో చేతులు మారి వస్తూ వస్తూ నన్ను దాటి పక్కమనిషికి వెళతాయి. అందరూ చూస్తారు. తాగుబోతుల్ని, పెళ్ళాన్ని వదిలేసినవాళ్ళని అలా కూర్చోబెట్టడం చూశాను. పాట వాయించినదాన్ని కూర్చోబెట్టడం ఎక్కడా చూడలేదు.

“ఏటి తప్పు సేసినానని ఒప్పుకోవాలి?” అన్నాను. గొంతు నాకే కొత్తగా వినిపించింది. “తెలిసిన తప్పయితే ఇప్పుడే మీ ముందు ఒప్పుకుందును. తెలవని తప్పు ఒప్పుకుంటే అది అబద్ధం అవదా? గుడిలో నన్ను అబద్ధం ఆడమంటారా?”

“సిస్టర్, గొంతు తగ్గించు.”

“మీరు బల్ల తీసీసినప్పుడు గొంతెందుకు, అదీ తీసీండి!”

“అది నిలబడతాదండీ,” అన్నాడు కృపారావు.

నేను తిరిగి చూశాను. నా మొగుడు నన్ను చూడకుండా జ్ఞానరత్నం గారిని చూస్తున్నాడు.

“ఆదివారం నిలబడతాది. నాది పూచీ.”

నా తరఫున మాట ఇవ్వడానికి నేను గొడ్డునా, గొర్రెనా? జ్ఞానరత్నం గారు రెండో కప్పు ఖాళీ చేసి, గొడుగు తీసుకుని, ఇంటిమీద ఆశీర్వాదం పలికి వెళ్ళిపోయాడు. ఆమేన్ అన్నది కృపారావు ఒక్కడే.

* * *

గేటు దగ్గర ఆయన గొడుగూ, శ్యామల సైకిలూ ఒకదానికొకటి దారి ఇచ్చుకున్నాయి.

శ్యామల విజయవాడ పిల్ల. ఇక్కడి ఇంజినీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఏవో శబ్దాల మీద రీసెర్చి చేస్తోంది. మా మతం కాదు. హాస్టల్లో హిందీ, బెంగాలీ విని విని చెవులు తుప్పుపట్టి, తెలుగు పాట వినడానికి మా గుడి వెనక బెంచీలో వచ్చి కూర్చునేది. అకార్డియన్‌లో స్వరాలు పలికే రీడ్లకి పట్టించిన మైనం ఎండిపోయి సగం మెట్లు మూగబోయాయనీ, కలకత్తాలో బాగుచేసే ముసలాయన పోయాడనీ, ఇంక దాన్ని అటకెక్కించమని కమిటీ అంటోందనీ తెలిసి, తనే వచ్చింది.

“మిడి అని ఒక పద్ధతి ఉంది, అది పెడదాం అక్కా,” అంది అప్పుడు. “ప్రతి మెట్టు కింద ఒక చిన్న స్విచ్చి. దానికో తీగ. తీగలో పాట పోదు, కబురు పోతుంది. ఈ మెట్టు నొక్కారు, ఇప్పుడు వదిలారు, అంతే. ఆ కబురు విని మా మ్యూజిక్ క్లబ్బులో ఉన్న సౌండు పెట్టె పాడుతుంది. వయొలిన్ అంటే వయొలిన్, ఆర్గన్ అంటే ఆర్గన్.”

నాకు సగమే అర్థమైంది. కానీ మూగబోయిన మెట్టు నొక్కితే మొదటిసారి వయొలిన్ పలికిన రోజు, మా మావయ్య పనిచేసే చేత్తో మంచంపట్టీ మీద తాళం వేశారు. ఎడమచేతి బొత్తాలకి ఇంకా తీగలు వెయ్యలేదు, ముందు కుడిచేతితో మొదలుపెడదాం అంది శ్యామల. ఆదివారం జ్ఞాపకార్థ కూటానికి పునరుత్థాన కీర్తన ఉంది కదా, అందులో బూరల మాట వస్తుంది కదా అని, ట్రంపెట్ పెట్టమన్నది నేనే.

ఇప్పుడు అదే పిల్ల బల్లముందు కూర్చుని మీటరు ముల్లు చూసుకుంటూ ఒక్కొక్క తీగ తడిమింది.

“ఎక్కడా షార్టు లేదక్కా. అతుకులన్నీ సరిగ్గా ఉన్నాయి. పెట్టె కూడా బాగుంది.”

“మిషను తప్పు నేదంట, మనిషి తప్పు నేదంట!” కృపారావు చేతులు గాల్లోకి విసిరాడు. “మరి మా పరువు ఎవరు తిన్నారు? ఎలకలు తిన్నాయా?”

“అన్నగారూ, తనంతట తాను మోగదు. ఏదో ఒక మెట్టు నొక్కితేనే…”

“అంటే నాను అబద్ధమాడతన్నానా శ్యామలా?” అన్నాను.

“అలా అనలేదక్కా.”

“అలగే అన్నావు!”

“బెల్టు తగిలించుకో.”

ముగ్గురం ఉలిక్కిపడ్డాం. మంచం మీద మావయ్య ఇటు తిరిగి ఉన్నారు. ఆదివారం తరవాత అదే మొదటి మాట.

“ఆదివారం ఎలగ కూకున్నావో అలగే కూకో. ఆ పిల్లని పెట్టె ఎలిగించమను. నాను ప్రార్థన సేత్తాను.”

శ్యామల జాలీ బిగించింది. సౌండు పెట్టె తగిలించింది. నేను బెల్టులు భుజాలకెక్కించుకుని కుర్చీలో కూర్చున్నాను. మావయ్య వంకర పోయిన నోటితోనే అయ్యగారి తల్లి కోసం మళ్ళీ ప్రార్థన చేశారు. ఆవిడ ఆయన గార్డుగా వెళ్ళే బండికి పులిహోర కట్టి పంపేదట. ఆ ముక్క విని నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తల వంచుకున్నాను. మనసు ప్రార్థనలో ఉంది. చేతులు వాటి పని అవి చేసుకుంటున్నాయి.

“…నీ నామమున అడుగుచున్నాము తండ్రీ…”

ట్రంపెట్లు మోగాయి.

కృపారావు “అదిగో!” అని ఎగిరాడు. బౌదీ వాళ్ళ ఇంట్లో గిన్నె ఏదో కింద పడింది. మావయ్య మాత్రం కదల్లేదు. ప్రార్థనంతసేపూ ఆయన ఒక కన్ను మూయనేలేదు. ఆ కన్ను నా కుడిచేతి మీద ఉంది.

“ఏళ్ళు ఎప్పుడు దింపినావు?” అన్నారు.

“ఎప్పుడూ దింపినట్టే మావయ్యా. మీరు నేర్పినట్టే.”

“ఆఁ,” అన్నారాయన. “నాను నేర్పినట్టే.”

ఆయన పద్ధతి అది. గార్డు కదా, బండి ఊరికే నిలబడితే ఒంటికి పట్టదు. ప్రార్థన అవగానే పాట అందుకోవాలి, మధ్యలో దగ్గులూ గుసగుసలూ చొరబడకూడదు. అందుకని అయ్యగారు ఆఖరి మాటలకి వచ్చేసరికి వేళ్ళు మొదటి స్వరాల మీద దింపి నొక్కి ఉంచాలి. తిత్తి మూసే ఉంటుంది కాబట్టి చప్పుడు రాదు. ఆమేన్ అనడమే తరువాయి, గాలి లాగాలి. ఇన్నేళ్ళుగా ఆయనా అంతే, నేనూ అంతే. నొక్కడం వాయించడం అవుతుందని మా ఇద్దరికీ ఎన్నడూ తోచలేదు.

శ్యామల మొహం పాలిపోయింది. “నొక్కి ఉంచుతారా అక్కా? వాయించకుండా?”

“గాలి లాక్కుండా వాయించడం ఎలగవుద్దే?”

“స్విచ్చికి గాలి సంగతి తెలియదు కదక్కా. నొక్కగానే కబురు పంపేస్తుంది.”

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆదివారం నుంచి పడ్డ మాటలన్నీ ఒక్కసారి నోట్లోకి వచ్చాయి.

“మరి ఊపిరి కబురు ఎవరు సెప్పాలి? అన్ని మెట్లకీ తీగలు ఏసినావు, తిత్తికి ఒక్క తీగ ఎయ్యాలని తోచనేదా? ఇంత సదువు సదివినావు, ఎలగ వాయిత్తావక్కా అని ఒక్క మాట అడిగినావా? దీనికి ప్రాణం తిత్తిలో ఉంటాదే! మెట్లలో కాదు!”

“మెడకి తగిలించుకునే పియానో అనుకున్నానక్కా,” అంది శ్యామల. కళ్ళు నేలమీద ఉన్నాయి. “అడగలేదు. అడగాల్సింది.”

 తరవాత ఆ పిల్ల ముక్కు చీదుకుని, స్క్రూడ్రైవరు అందుకుంది.

“గాలి ఒత్తిడి కనిపెట్టే బిళ్ళ ఒకటి ఉంది. తిత్తి లోపల పెడతాను. మీరు లాగితేనే పలుకుతుంది. మెల్లగా లాగితే మెల్లగా, గట్టిగా లాగితే గట్టిగా. ఆదివారంలోగా అవుతుంది. కాకపోతే నన్ను తిట్టండి.”

“అది నువ్వు సెప్పక్కర్నేదు,” అన్నాను.

* * *

మోగిన కారణం తెలిశాక నాకు చెయ్యాల్సిన పని కూడా తెలిసింది. పూరీ గేటు దగ్గర అయ్యగారి ఇంటికి వెళ్ళాను. అయ్యగారు ఊళ్ళో లేరు. ఆయన భార్య ఎస్తేరమ్మ అమ్మగారు పెరట్లో మిరపకాయలు ఆరబోస్తున్నారు.

“అమ్మగారూ, మీ అత్తగారి ప్రార్థన పాడు సేసీసినాను. తెలిసి సెయ్యనేదు. అయినా నా ఏళ్ళే సేసినాయి. మన్నించండి.”

జరిగిందంతా చెప్పాను. ఆవిడ మిరపకాయల చేతులు చీరకి తుడుచుకుని, విన్నంతసేపూ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. నవ్వుతున్నారు.

“ఓలమ్మ! ఇంతేనేటి? మా అత్తగారికి ఆఖర్న సెవులు ఇనపడేవి కావు తెల్సా? ఎంత గట్టిగా పాడినా ‘ఎవులూ పాడరేటి?’ అనీవోరు. ఆదివారం ఇంటికొచ్చి అయ్యగారు ఏటన్నారో తెల్సా? ‘మా అమ్మకి ఇనపడేటట్టు ఇన్నాళ్ళకి ఒకరు వాయించినారు’ అని నవ్వినారు. ఆ తరవాత పడక్కుర్సీలో కూకుని బాగా ఏడిసినారు. నీ మీద కోపం ఎవరికుంది?”

“మరి నన్ను నిలబెట్టమన్నారట కదమ్మా?”

ఎస్తేరమ్మ గారి నవ్వు ఆగిపోయింది.

“అయ్యగారు అన్నేదు. జ్ఞానరత్నం కూడా మొదట మందలించి వొగ్గీదామనే అన్నాడంట. మీ ఆయనే… నీకు తెల్దా?”

“ఏటి తెల్దా?”

“‘నా భార్యని సూసీ సూడనట్టు వొగ్గీకండి, సంఘం ముందు నిలబెట్టండి, ఆ పెట్టె మరి గుడిలోకి రాకుండా సెయ్యండి’ అని మీ ఆయనే పట్టుబట్టినాడంట. నీతో సెప్పే అన్నాడనుకున్నాం సూసన్నా.”

ఎండలో మిరపకాయల ఘాటుకి నా కళ్ళు మండాయి. ఘాటుకే అని ఆవిడతో చెప్పాను.

* * *

శనివారం వర్క్‌షాపు సగం పూట. కృపారావు మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నాడు. చేపల పులుసు వడ్డించాను. రెండు ముద్దలు తిననిచ్చాను. కడుపు మాడ్చి తగువు పెట్టుకోవడం నా అలవాటు కాదు.

“కమిటీలో నన్ను నిలబెట్టమన్నది మీరేనంట కదా?”

ముద్ద ఆగింది. “ఎవరు సెప్పినారు?”

“అదా మీ జవాబు?”

పులుసులో వేలితో గీతలు గీశాడు. ముందుగదిలో మంచం చప్పుడు చేసింది. మావయ్య వింటున్నారని ఇద్దరికీ తెలుసు.

“సెప్పండి. సెక్రటరీ అంటే పరాయోడు, నాకేటి సిగ్గు అనుకున్నాను. మీరు నా పక్కలో పడుకుని, నా సేతి కూడు తిని, నన్ను తీసుకెళ్ళి ఊరందరి ముందు నిలబెడతారా? ఎందుకండీ? నాను మీకేటి అన్యాయం సేసినాను?”

“నువ్వు సెయ్యనేదు,” అన్నాడు. తలెత్తి, గుమ్మంలోంచి మంచం వైపు చూశాడు. “మా అయ్యని అడుగు. సిన్నప్పుడు ఆ పెట్టె మెట్టు ఒకటి నొక్కినానని మణికట్టు మీద బెల్టుతో కొట్టినాడు. మరి ఎన్నడూ ముట్టనివ్వనేదు. నువ్వు కాపురానికి వొచ్చిన ఏడే నీ భుజానికి తగిలించినాడు. ఆదివారం ఆదివారం నాను బెంచీ మీద, నువ్వు మా అయ్య కుర్సీలో. ‘సత్యవేదం గారి సెయ్యి కోడలికొచ్చింది’ అని అందరూ మెచ్చుకుంటారు. నాకేటి వొచ్చింది?”

“నీకు ఓపిక నేదు,” అంది ముందుగదిలోంచి ముసలిగొంతు. “దానికుంది.”

కృపారావు ఎంగిలి చెయ్యి అలాగే పెట్టుకుని లేచి నిలబడ్డాడు. “ఇన్నావా? ఇప్పటికీ అదే మాట!”

నాకు ఆయన మీద జాలి కలిగింది. కలిగిందని దాచను. కానీ కోపం అంతకన్నా పెద్దది.

“ఇన్నాను. ఇద్దరి మాటా ఇన్నాను,” అన్నాను. “మావయ్యా, సిన్నపిల్లోడు ముచ్చటపడి ముట్టుకుంటే కొట్టడం మీది తప్పు. ఏవండీ, అది మీ అయ్యకీ మీకూ ఉన్న తగువు. దానికి గుడిలో నా కుర్సీ ఎందుకండీ తియ్యడం? నా బల్ల ఎందుకు ఎత్తీడం? నాను ఇన్నేళ్ళూ ఏళ్ళు కాయలు కాసేలాగ నేర్సుకున్నాను. మీ అయ్య నాకు ఊరికే ఇచ్చీనేదు. మీకు కావాలంటే నన్నొక్క మాట అడగాల్సింది, నేర్పుదును!”

“నిన్ను అడగాలా? నా ఇంట్లో?”

“కమిటీని అడగ్గా లేనిది, పెళ్ళాన్ని అడిగితే తరిగిపోతారా?”

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, మెల్లగా అన్నాడు. “రేపు నిలబడీ సూసన్నా. రెండు ముక్కలు సెప్పీ. అయిపోద్ది.”

“నిలబడతాను,” అన్నాను. “పెట్టె తగిలించుకునే నిలబడతాను.”

ఆ సాయంత్రం శ్యామల బిళ్ళ బిగించింది. ఏ మెట్టు నొక్కినా పెట్టె కిమ్మనలేదు. తిత్తి ఒక్క అంగుళం లాగాను. పల్చగా, అప్పుడే నిద్రలేచిన మనిషి గొంతులా బూర పలికింది. ఇంకాస్త లాగితే ఇంకాస్త లేచింది. కృపారావు పెరట్లో సైకిలు తుడుస్తున్నాడు. ఆ చప్పుడు విని గుడ్డ ఆపాడు. లోపలికి మాత్రం రాలేదు.

* * *

మర్నాడు గుడి గుమ్మంలో జ్ఞానరత్నం గారు రెండు చేతులూ చాపి నిలబడ్డాడు.

“సిస్టర్, పెట్టె బయటే ఉండాల.”

నా వెనకనుంచి ఎస్తేరమ్మ గారు వచ్చారు. సౌండు పెట్టె ఆవిడే చంకన పెట్టుకుని మోస్తున్నారు.

“దారియ్యి జ్ఞానరత్నం. బరువుగా ఉంది.”

పాస్టరమ్మకి అడ్డం నిలబడే ధైర్యం ఆయనకి లేదు. చేతులు దింపాడు. నేను వెళ్ళి బలిపీఠం ఎడమపక్క కుర్చీలో కూర్చున్నాను. మావయ్యని రిక్షాలో తెచ్చి ముందువరసలో కూర్చోబెట్టారు. కృపారావు కమిటీ బెంచీ మీద, ఇస్త్రీ చొక్కాలో, మోకాళ్ళ మధ్య చేతులు పెట్టుకుని ఉన్నాడు. శ్యామల వెనకవరసలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ కళ్ళు మూసుకున్నారని మీరనుకుంటే పొరపాటు. సగం గుడి నా చేతులే చూస్తోంది. పోయినవారం మోకాళ్ళ మీద పడ్డ ఆ ముసలమ్మయితే ముందుజాగ్రత్తగా బెంచీ అంచుకి జరిగి కూర్చుంది.

అయ్యగారు ఆఖరి మాటలకి వచ్చారు. వేళ్ళు దింపాను. పూర్తిగా నొక్కాను.

చప్పుడు లేదు. గుడిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు ఒక్కటే. మావయ్య గడ్డం చిన్నగా కదిలింది.

“ఆమేన్,” అన్నారు అయ్యగారు.

నా ఎడమచెయ్యి లాగబోయింది. అంతలోనే జ్ఞానరత్నం గారు మైకు ముందుకి వచ్చి నావైపు అరచెయ్యి చాపాడు.

“పాటకి ముందు ఒక సంగతి. సంఘ క్రమశిక్షణ. సిస్టర్ సూసన్న లేచి నిలబడాల.”

కుర్చీ అంచుకి జరిగాను. భుజాల మీద అకార్డియన్ బరువుతో లేవడం అంత సులువు కాదు. కాళ్ళు కూడదీసుకుంటున్నాను. కమిటీ వైపునుంచి బెంచీ కిర్రుమంది.

“నువ్వు కూకో సూసన్నా.”

కృపారావు లేచి నిలబడి ఉన్నాడు. జ్ఞానరత్నం గారు ఆయన్ని చూసి, నవ్వబోయి, నవ్వలేక మైకు వదిలి పక్కకి తప్పుకున్నాడు. కృపారావు నడిచి వచ్చాడు. తండ్రి ముందునుంచి వెళ్ళేటప్పుడు అక్కడ ఒక క్షణం ఆగాడు. ముసలాయన తలెత్తలేదు. మైకు ముందు నిలబడి కృపారావు మొదటిసారి తిత్తి పట్టుకున్న నా ఎడమచేతి వైపు చూశాడు, మెట్లవైపు కాదు. నోరు తెరిచాడు.  గొంతు సవరించుకున్నాడు.

నన్ను కాయడానికి లేచాడో, మిగిలిన పరువు కూడా తీసి చేతిలో పెట్టడానికి లేచాడో నాకు తెలియదు. ఒక మాట ఇంటికి, ఒక మాట కమిటీకి చెప్పే మనిషి మూడో మాట ఏం చెబుతాడో ఎవరికి తెలుసు? ఏదైనా చెప్పనీ. ఈ పూట ఆ కీర్తన వాయించకుండా ఈ కుర్చీ నేను వదలను.

వేళ్ళు నొక్కే ఉన్నాయి. తిత్తి బిగించి పట్టుకుని, నా మొగుడి నోటివైపు చూస్తూ కూర్చున్నాను.